ఇండియాలో ఎల్‌ఎల్‌బీ, అమెరికాలో హెచ్-4: ఇమిగ్రేషన్ లాయర్ అవ్వడానికి దారేది?

హెచ్4_అడ్వకేట్:

నమస్తే అండీ. ఉస్మానియాలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెగ్యులర్ కాలేజీ. తెలంగాణ బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్, ఏఐబీఈ (ఆల్ ఇండియా బార్ పరీక్ష) రెండూ అయ్యాయి. ఇప్పుడు టెక్సస్‌లోని డాలస్‌లో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామి వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉంది. కంపెనీల హెచ్-1బీ ఫైలింగులు కాకుండా, కోర్టు నోటీసు అందుకున్న స్టూడెంట్లు, ఇంట్లో దెబ్బలు తింటున్న హెచ్-4 ఆడవాళ్లు, ఇలాంటి కేసులు చేయాలనుంది. మూడు ప్రశ్నలు. ఎల్‌ఎల్‌ఎం లేకుండా లైసెన్స్ వస్తుందా? టెక్సస్ లైసెన్సే కావాలా? అది వచ్చేలోపు మనవాళ్ల అసోసియేషన్ శనివారం పెట్టే ఇమిగ్రేషన్ క్లినిక్‌లో కూర్చుని ఫారాలు నింపిపెట్టొచ్చా? మూడోదానికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

బార్‌మెట్లు:

రెండో ప్రశ్న ముందు చూద్దాం. ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ చట్టం. ఏ ఒక్క రాష్ట్రం లైసెన్స్ ఉన్నా యూఎస్‌సీఐఎస్ (వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) ముందూ, దేశంలో ఏ ఇమిగ్రేషన్ కోర్టు ముందైనా నిలబడొచ్చు. న్యూయార్క్ లైసెన్స్‌తో డాలస్‌లో ఈ పని చేసుకోవచ్చన్నమాట. కాకపోతే బోర్డు మీదా, వెబ్‌సైట్ మీదా ‘లైసెన్స్ న్యూయార్క్‌ది, ప్రాక్టీసు ఇమిగ్రేషన్ వరకే’ అని కనబడేలా రాయాలి. అదే క్లయింటు విడాకుల సంగతి అడిగితే మాత్రం టెక్సస్ ఫ్యామిలీ లాయర్ దగ్గరికి పంపాల్సిందే.

ఇక ఎల్‌ఎల్‌ఎం. న్యూయార్క్ రూల్ 520.6 తెరిచి చదవండి. విదేశీ డిగ్రీలో చూసేవి ముఖ్యంగా రెండు: చదివిన కాలం ఇక్కడి లా స్కూల్‌కి సరితూగుతుందా, ఆ దేశంలో నడిచేది కామన్ లాయేనా (బ్రిటిష్ తరహా న్యాయపద్ధతేనా). రెండూ కుదిరితే ఎల్‌ఎల్‌ఎం లేకుండానే బార్ పరీక్షకు (లాయర్ లైసెన్స్ పరీక్షకు) కూర్చోనిస్తారు. రెగ్యులర్ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఈ దారి తెరిచే ఉంది. ఒకటి తగ్గితే ఏబీఏ (అమెరికన్ బార్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న స్కూల్లో 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేసి పూడ్చుకోవచ్చు. అందులో వృత్తి నియమాలకు 2, లీగల్ రీసెర్చ్ అండ్ రైటింగ్‌కి 2, అమెరికన్ న్యాయవ్యవస్థకి 2, బార్ సబ్జెక్టులకు 6 క్రెడిట్లు తప్పనిసరి. రెండూ తగ్గితే ఎల్‌ఎల్‌ఎం కూడా ఆదుకోదు. కాలిఫోర్నియా పద్ధతి వేరు. మన దేశంలో లాయర్‌గా ఎన్‌రోల్ అయి, ఆ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే అదనంగా చదవమని అడగదు. అందుకే తెలంగాణ ఎన్‌రోల్‌మెంట్‌ని వదులుకోకండి.

ఎల్‌ఎల్‌ఎంకి డబ్బు పోసేముందు న్యూయార్క్ బోర్డు ఆఫ్ లా ఎగ్జామినర్స్‌కి మీ డిగ్రీ మూల్యాంకనం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. చాలామంది కాలేజీ ఏజెంటు మాట విని, ముందు ఫీజు కట్టి, తర్వాత అడుగుతారు. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ నుంచి సీల్ చేసిన కవరులో నేరుగా బోర్డుకే వెళ్లాలి, మీ చేతి మీదుగా పంపితే తీసుకోరు. ఆలస్యమంతా అక్కడే. హైదరాబాద్‌లో ఎవరో ఒకరు పరీక్షల విభాగం చుట్టూ తిరిగితే తప్ప ఆ కవరు కదలదు. రాయాలనుకున్న పరీక్షకు ఏడాది ముందే మొదలెట్టండి.

పరీక్ష రెండు రోజులు. ఒక రోజు రాత: ఆరు వ్యాసాలు, రెండు ప్రాక్టికల్ డ్రాఫ్టులు. ఇంకో రోజు 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఆరు గంటలు. ప్రశ్నకు 108 సెకన్లు. న్యూయార్క్ పాస్ మార్కు 400కి 266. మనవాళ్లు దెబ్బతినేది ఆబ్జెక్టివ్‌లో. మన లా పరీక్షలన్నీ పేజీలు నింపే అలవాటు నేర్పాయి, రెండు సరైన జవాబుల్లో ‘ఎక్కువ సరైనది’ ఏరడం నేర్పలేదు. రోజుకు నలభై యాభై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయడం తప్ప మందు లేదు. తమాషా ఏమిటంటే ఆ 200లో ఇమిగ్రేషన్ సబ్జెక్టే లేదు. ఇది కాక ఎంపీఆర్‌ఈ అనే వృత్తి నియమాల పరీక్ష (60 ప్రశ్నలు, న్యూయార్క్‌కి 85 రావాలి), న్యూయార్క్ చట్టం మీద ఆన్‌లైన్ కోర్సూ పరీక్షా, 50 గంటల ఉచిత న్యాయసేవ. ఆ గంటలు లాయర్ పర్యవేక్షణలో ఇమిగ్రేషన్ నాన్-ప్రాఫిట్‌లో చేసినా చెల్లుతాయి. అఫిడవిట్ మీద ఆ లాయర్ సంతకం పని ముగిసిన రోజే పెట్టించుకోండి, ఆర్నెల్ల తర్వాత ఆయన ఉద్యోగం మారి ఉంటాడు. న్యూయార్క్ 2028 జులై నుంచి నెక్స్ట్‌జెన్ అనే కొత్త పరీక్షకు మారుతోంది కాబట్టి పాత నోట్సు ఎంతకాలం పనికొస్తుందో లెక్క చూసుకోండి.

గీత_ఇవతల:

మూడో ప్రశ్నకు తలో మాట రావడానికి కారణముంది. ఫెడరల్ నిబంధనల్లో 8 సీఎఫ్ఆర్ 1.2లో ‘ప్రిపరేషన్’ అంటే ఏమిటో రాసి ఉంది. కేసు వివరాలు చదివి, ఏ చట్టం వర్తిస్తుందో, ఏ ఫారం వేయాలో సలహా ఇవ్వడం లాయర్ పని. మనిషి చెప్పిన సమాచారాన్ని ఖాళీల్లో రాసిపెట్టడం మాత్రం దాని కిందికి రాదు. అయితే తీసుకునే డబ్బు నామమాత్రంగా ఉండాలి, రాసేవాళ్లు తమకు చట్టం తెలుసని చెప్పుకోకూడదు.

మీకు గండం ఆ చివరి మాటలోనే ఉంది. మీరు ఇండియాలో అడ్వకేట్. బల్ల మీద ‘అడ్వకేట్’ అని పేరు పెట్టుకుని కూర్చుంటే, ఉచితంగా చేసినా గీత దాటినట్టే. ‘నేను స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలా, విజిటర్ వీసా బి-2కి మారాలా?’ అని అడిగితే జవాబు చెప్పడం సలహా. ‘మీ పుట్టిన తేదీ చెప్పండి’ అని రాసుకోవడం సలహా కాదు. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అన్న గడి దగ్గర ‘చిన్న విషయమే కదా, లేదని పెట్టేద్దాం’ అంటే అది సలహా కూడా కాదు, మోసం. క్లినిక్‌లో లైసెన్స్ ఉన్న లాయరో, అక్రెడిటెడ్ రిప్రజెంటేటివో (ఎవరో కింద చెబుతాను) గదిలో ఉండి, ప్రతి ఫారం చూసి పంపాలి. వాలంటీర్లు వివరాలు రాసుకోవడం, జిరాక్సులు, అనువాదం వరకే. రాసిపెట్టినవాళ్లు ఫారంలో ప్రిపేరర్ భాగంలో, తెలుగులో చదివి వినిపించినవాళ్లు ఇంటర్‌ప్రెటర్ భాగంలో సంతకం పెట్టాలి. పేరు బయటపడకూడదని ఆ భాగాలు ఖాళీగా వదిలేసే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. రేపు ఇంటర్వ్యూలో ఇబ్బంది పడేది క్లయింటు.

మీకు మధ్యదారి ఒకటుంది, చాలామందికి తెలియదు. న్యాయశాఖ అక్రెడిటేషన్. లాయర్ కానివాళ్లు గుర్తింపు పొందిన నాన్-ప్రాఫిట్ తరఫున ఇమిగ్రేషన్ కేసులు చట్టబద్ధంగా చేయొచ్చు. పార్షియల్ అయితే యూఎస్‌సీఐఎస్ వంటి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖల ముందు మాత్రమే. ఫుల్ అయితే ఇమిగ్రేషన్ కోర్టు, అప్పీళ్ల బోర్డు కూడా. ఇండియా లైసెన్స్ ఇక్కడ ‘అటార్నీ’ కింద లెక్కలోకి రాదు కాబట్టి అది అడ్డం కాదు. దరఖాస్తు సంస్థే పెడుతుంది, మీరు సొంతంగా పెట్టుకోలేరు. సంస్థ గుర్తింపుకి ఇ.ఓ.ఐ.ఆర్-31 అనే ఫారం, మనిషికి 31ఏ, ఫీజు లేదు. శిక్షణ సర్టిఫికెట్లు, రెజ్యూమె, సత్ప్రవర్తన గురించి సిఫార్సు లేఖలు జతచేయాలి. ఫుల్‌కి కోర్టు వాదన నైపుణ్యం కూడా చూపించాలి. అక్రెడిటేషన్ 3 ఏళ్లు, సంస్థ గుర్తింపు 6 ఏళ్లు. సంస్థ నుంచి బయటికొస్తే మీ అక్రెడిటేషన్ అక్కడితో ఆగిపోతుంది. క్లినిక్ అనే సంస్థ (కాథలిక్ లీగల్ ఇమిగ్రేషన్ నెట్‌వర్క్), శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇమిగ్రెంట్ లీగల్ రిసోర్స్ సెంటర్ శిక్షణలు ఇస్తాయి. న్యూయార్క్‌లో జడ్జి రాబర్ట్ కాట్జ్‌మన్ చొరవతో 2014లో మొదలైన ఇమిగ్రెంట్ జస్టిస్ కార్ప్స్ లాయర్లతోపాటు, లాయర్లు కాని డిగ్రీ పట్టభద్రులను కూడా ఈ పద్ధతిలో తయారుచేస్తోంది.

మన అసోసియేషన్ కూడా గుర్తింపు తెచ్చుకోవచ్చు. పన్ను మినహాయింపు ఉన్న నాన్-ప్రాఫిట్ అయి ఉండాలి, ప్రధానంగా తక్కువ ఆదాయం వాళ్లకు సేవ చేయాలి. రెండో షరతు దగ్గర తెలుగు సంఘాలు తడబడతాయి. వచ్చేవాళ్లలో సగం ఐటీ జీతాలవాళ్లే అయితే కాగితం మీద అది నిరూపించడం కష్టం.

తేదీలపట్టిక:

పై ఇద్దరూ ప్రవేశం గురించి చెప్పారు. లోపలికి వచ్చాక కేసులు ఎక్కడ పోతాయో చెబుతాను. వాదన సరిపోక పోయేవి తక్కువ, తేదీ తప్పో అడ్రసు తప్పో పోయేవే ఎక్కువ.

స్టూడెంట్ల కేసులు తీసుకోండి. 2011లో కాలిఫోర్నియా ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు ప్రభుత్వమే పెట్టిన వల అని తేలింది. మొదటి విడత అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, తెలుగువాళ్లు చాలామంది. అలాంటప్పుడు చేతికొచ్చే కాగితం ‘నోటీస్ టు అప్పియర్’, అంటే ఇమిగ్రేషన్ కోర్టుకి హాజరుకమ్మనే నోటీసు. ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్‌ని పెట్టుకునే హక్కు ఉంది గానీ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోదు. క్రిమినల్ కోర్టులో లాగా సర్కారీ లాయర్ రాడు. మీలాంటివాళ్ల అవసరం సరిగ్గా అక్కడే.

నోటీసు తెచ్చిన మనిషితో మొదటి గంటలో చేయాల్సిన పని ఇది. నోటీసు మీది తొమ్మిది అంకెల ఏ-నంబరు (ఇమిగ్రేషన్ ఫైలు నంబరు) రాసుకుని కోర్టు ఆన్‌లైన్ కేసు సమాచారంలో కొట్టి చూడండి. విచారణ తేదీ నోటీసులో ఒకటుండి, అక్కడ ఇంకొకటి కనబడడం మామూలే. తర్వాత అడ్రసు. ఇల్లు మారితే యూఎస్‌సీఐఎస్‌కి ఏఆర్-11 పది రోజుల్లో, కోర్టుకి ఇ.ఓ.ఐ.ఆర్-33 ఐదు పనిదినాల్లో. రెండూ వేర్వేరు. ఏఆర్-11 వేసి ‘అడ్రసు మార్చేశాను’ అనుకుంటారు, కోర్టు కాగితం పాత అపార్ట్‌మెంటుకి పోతుంది, మనిషి రాలేదని పరోక్షంలోనే దేశం వదలాలన్న ఉత్తర్వు పడుతుంది. నోటీసే అందలేదని నిరూపిస్తే ఎప్పుడైనా తిరిగి తెరవమనొచ్చు. తీవ్రమైన అనారోగ్యంలాంటి అసాధారణ కారణమైతే 180 రోజులే గడువు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామంటే సాధారణంగా కుదరదు.

ఆ తర్వాత ఫైలు. యూఎస్‌సీఐఎస్ నుంచి ఏ-ఫైలు సమాచార హక్కు కింద, కోర్టు నుంచి కేసు రికార్డు విడిగా తెప్పించండి. క్లయింటు ‘అంతా చెప్పేశాను’ అన్నా, దేశంలోకి వచ్చేటప్పుడు పోర్టులో ఆఫీసరు రాసుకున్న స్టేట్‌మెంట్ చూడకుండా ఏ దరఖాస్తూ వేయకండి. యూఎస్‌సీఐఎస్ ముందు లాయర్‌గా హాజరవడానికి వేసే ఫారం జి-28, కోర్టుకి ఇ.ఓ.ఐ.ఆర్-28, అప్పీళ్ల బోర్డుకి 27. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. అప్పీలు గడువు లోపు బోర్డుకు చేరి ఉండాలి, పోస్టులో వేసిన తేదీ పనికిరాదు. గడువులూ ఫీజులూ ఈమధ్య తరచూ మారుతున్నాయి, ఫైలు చేసే రోజు అధికారిక పేజీ చూడకుండా పాత ఫైలు చూసి నింపకండి. 2025 అక్టోబర్ 28 నుంచి యూఎస్‌సీఐఎస్ మామూలుగా పేపర్ చెక్కులు తీసుకోవడం లేదు. చెక్కు పెట్టి పంపిన ప్యాకెట్టు తిరిగొచ్చేలోపు గడువు దాటిపోవచ్చు.

ఆశ్రయం (అసైలమ్) కేసులో ఐ-589 అనే దరఖాస్తు దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు వేయాలి. మినహాయింపులు ఇరుకు.

ఒక టెక్సస్ సంగతి కూడా. చిన్న దొంగతనం, గొడవ కేసుల్లో క్రిమినల్ లాయర్ ‘డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇప్పిస్తాను, రికార్డు ఉండదు’ అంటాడు. అంటే నేరం ఒప్పుకున్నా తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టేయడం. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో నేరం ఒప్పుకుని, జడ్జి ఏదైనా షరతు పెడితే అది కన్విక్షనే (నేర నిర్ధారణే). ఒప్పుకోలు లేని ప్రీ-ట్రయల్ డైవర్షన్ (విచారణకు ముందే కేసును పక్కకు తప్పించే పద్ధతి) వేరు. 2010లో సుప్రీంకోర్టు పడీయా కేసులో, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారా లేదా అన్నది చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని తేల్చింది. అయినా ఒప్పందం మీద సంతకానికి ముందు ఫోన్ చేసేది పదిమందిలో ఒకరో ఇద్దరో.

మానవి_పక్షం:

హెచ్-4 హింస కేసుల గురించి, ఎందుకంటే అడిగినావిడ ప్రత్యేకంగా అడిగారు, ఇందులో తప్పు సలహాలు బాగా తిరుగుతున్నాయి.

‘వావా కింద గ్రీన్‌కార్డు వస్తుంది’ అని వాట్సాప్ గ్రూపుల్లో చెబుతుంటారు. వావా అంటే మహిళలపై హింస నిరోధక చట్టం. దాని కింద ఆమె తనే వేసుకునే సెల్ఫ్-పిటిషన్ (ఐ-360) భర్త సిటిజనో గ్రీన్‌కార్డు హోల్డరో అయితేనే. హెచ్-1బీ భర్త మీద అది పనిచేయదు. హెచ్-4 మనిషికి ఉన్నవి: ఐ-765వి ద్వారా సొంతంగా వర్క్ పర్మిట్, నేరం పోలీసుల దాకా వెళ్లి ఉంటే యు వీసా (నేర బాధితుల వీసా), ఇంకా ఆమె చదువునిబట్టి ఎఫ్-1 లాంటి మార్పులు. విడాకుల డిక్రీ వచ్చిన రోజుతో హెచ్-4 స్టేటస్ పోతుంది. కాబట్టి ఫ్యామిలీ లాయరూ ఇమిగ్రేషన్ లాయరూ తేదీలు మాట్లాడుకోవాలి. హింస కారణంగా విడాకులైతే ఆ తర్వాత రెండేళ్లలోపు కూడా ఐ-765వి వేయొచ్చు. యు వీసాకి పోలీసు శాఖో ప్రాసిక్యూటరో సంతకం పెట్టే ధ్రువపత్రం, సప్లిమెంట్ బి కావాలి. సంతకమైన ఆర్నెల్లలోపు దరఖాస్తు పడాలి. సంతకం పెట్టమని వాళ్లను బలవంతం చేసే దారి లేదు. ఏటా 10,000 మందికే పరిమితి కాబట్టి ఏళ్ల తరబడి నిరీక్షణ అని మొదటి రోజే చెప్పండి.

ఆమె ఇల్లు వదిలేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోవాల్సినవి: తన పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఇద్దరి ఐ-797లు (ఆమోదం నోటీసులు), భర్త పాస్‌పోర్టు మొదటి పేజీ, పెళ్లి సర్టిఫికెట్. ఆ ఫొటోలు కుటుంబమంతా చూసే క్లౌడ్ ఖాతాలోకి పోకుండా చూడాలి. ఉత్తరాలకు వేరే అడ్రసు, వేరే ఈమెయిలు. ఈ దరఖాస్తుల సమాచారం బయటపెట్టకూడదని చట్టం (8 యూఎస్‌సీ 1367) ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ఆ మాట చెబితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. భర్త కంపెనీ లాయర్‌ని అడగొద్దని కూడా చెప్పండి. హెచ్-4 కాగితాలు ఆయనే వేసి ఉండొచ్చు, అంతమాత్రాన ఈ గొడవలో ఆమె పక్షం తీసుకోలేడు. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి లాంటి దక్షిణాసియా సంస్థలు ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాయి. తెలుగు మాట్లాడే మనిషి అక్కడ దొరకడం క్లయింటుకి పెద్ద ధైర్యం.

ఇంటిపేరు_ముందు:

తెలుగు కాగితాల గురించి నాలుగు మాటలు. ఊరి పంచాయతీ జనన రిజిస్టర్‌లో ‘ఆడ శిశువు’ అని తప్ప పేరుండదు. టెన్త్ మెమోలో ‘కె.’ అని ఇంటిపేరు పొడి అక్షరం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’). ముగ్గురూ ఒక్క మనిషేనని ఆఫీసరుకు ఎవరు చెప్పాలి? పేరులేని సర్టిఫికెట్ అయితే దానితోపాటు టెన్త్ మెమో, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు పెట్టండి. రికార్డే లేకపోతే ముందు ‘రికార్డు అందుబాటులో లేదు’ అన్న ధ్రువపత్రం తెప్పించాలి, అది లేకుండా అఫిడవిట్లు ఒక్కటే పెడితే అదనపు ఆధారాలు అడుగుతూ ఉత్తరం వస్తుంది.

అనువాదం పూర్తిగా ఉండాలి. స్టాంపు, రబ్బరు ముద్ర, పక్కన చేత్తో రాసిన మాట కూడా. చదవలేనిది ‘అస్పష్టం’ అని రాయండి, ఊహించి రాయకండి. కింద అనువాదకుడు ‘పూర్తిది, సరైనది, రెండు భాషలూ నాకు వచ్చు’ అని రాసి సంతకం పెట్టాలి. నోటరీ అవసరం లేదు. ఆశ్రయం ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రెటర్‌ని అభ్యర్థే తెచ్చుకోవాలి. ఆ అభ్యర్థి తరఫు లాయర్‌కి తెలుగు ఎంత బాగా వచ్చినా, ఆ గదిలో ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోకూడదు. మీరు ఇది ముందే గుర్తుపెట్టుకోండి, క్లయింట్లు ‘మీరున్నారుగా’ అంటారు.

హెచ్4_అడ్వకేట్:

చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి. వేరే లాయరో ఏజెంటో పాడుచేసిన కేసు నా దగ్గరికి వస్తే ఏం చేయాలి? క్లినిక్‌లో సగం అవే కనిపిస్తున్నాయి. అలాగే, అక్రెడిటేషన్, బార్ రెండిట్లో ఏది ముందు?

తేదీలపట్టిక:

పాడుచేసింది లాయరైతే 1988 నాటి లోజాడా తీర్పు చెప్పిన మూడు మెట్లు ఎక్కాలి. క్లయింటు ఏం ఒప్పందమైందో, ఏం జరిగిందో వివరంగా అఫిడవిట్ ఇవ్వాలి. పాత లాయర్‌కి ఆరోపణ తెలియజేసి జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. బార్‌లో ఫిర్యాదు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో కారణం రాయాలి. రెండో మెట్టు వదిలేసి, కేసు తిరిగి తెరవమని వేసే మోషన్లు చాలా తిరస్కరణకు గురవుతాయి. మనవాళ్లకు ‘ఆయన మా ఊరివాడే, ఫిర్యాదు ఎలా చేస్తాం’ అన్న మొహమాటం ఉంటుంది. దాన్ని పక్కన పెట్టించాల్సింది మీరే. ఏజెంటైతే రశీదులు, వాట్సాప్ సంభాషణ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు అన్నీ భద్రపరచి లాయర్‌కి అప్పగించండి. ఏజెంటుతో ముందుగా గొడవ పెట్టుకుంటే మెసేజ్‌లు డిలీట్ అవుతాయి.

గీత_ఇవతల:

ఏది ముందంటే, రెండూ ఒకేసారి మొదలెట్టండి. బోర్డుకు ట్రాన్‌స్క్రిప్టు చేరి జవాబొచ్చేలోపు నెలలు గడుస్తాయి, ఆ సమయంలో గుర్తింపు ఉన్న నాన్-ప్రాఫిట్‌లో చేరి శిక్షణ తీసుకోండి. న్యాయశాఖ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా జాబితా ఉంది, డాలస్–ఫోర్ట్‌వర్త్ చుట్టూ ఉన్నవి అక్కడ దొరుకుతాయి. జీతం తక్కువని ముందే అనుకోండి. ఇక మీ ఈఏడీ: 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి చాలామటుకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువుకి 180 రోజుల ముందు నుంచే రెన్యువల్ వేయొచ్చు, మొదటి రోజే వేయండి. కొత్త కార్డు రాకుండా పాతదాని గడువు తీరితే ఆ రోజు నుంచి పని చేయకూడదు, మీ పేరు మీదున్న ఫైళ్లు ఇంకొకరికి అప్పగించాలి. ఎవరికి అప్పగిస్తారో సంస్థతో చేరేటప్పుడే మాట్లాడుకోండి.